అనసూర్యక్క నేర్చుకున్న పథ్యం

అనసూర్యక్క ఇంటి ముందువాటాలో నేను అద్దెకు చేరి పదకొండేళ్లయింది. ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ఒంటిదాన్ని, నోరు కొంచెం దురుసు. ఈ విషయంలో అనసూర్యక్క నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. అందుకే మా ఇద్దరికీ పొసిగింది.

హుజూరాబాద్‌లో మా వీధిలో ఎవరింట్లో శుభకార్యం జరిగినా ఆమె చెయ్యి పడాల్సిందే. ఆమె సర్వపిండి కాలుస్తుంటే నేను బైబిలు మూసి లేచిన రోజులున్నాయి, దేవుడు క్షమించాలి. భర్త లింగమూర్తి, కొడుకు నాగరాజు ఇద్దరూ సిరిసిల్లలో పవర్‌లూములు నడుపుతారు. ఆదివారం వచ్చి సోమవారం తెల్లారకముందే బస్సెక్కుతారు. మిగతా ఆరు రోజులూ ఆ ఇంట్లో అత్తాకోడళ్లే. కోడలు నవ్యశ్రీది భైంసా. అదీ పద్మశాలి ఇల్లే గాని, అటు మహారాష్ట్ర అంచు కాబట్టి మాటలో మరాఠీ కలుస్తుంది. తల్లి పోయి ఆరేళ్లు. ఆ పిల్ల నోటి నుంచి "నాకిది కావాలి" అన్న మాట నేనెన్నడూ వినలేదు. పెళ్లయి రెండేళ్లయినా చుట్టపుచూపుగా వచ్చినట్టే ఒక మూలన ఉండేది.

మొన్న వానాకాలంలో నవ్యశ్రీకి సర్కారు దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. కబురందుకుని తండ్రి పరశురాములు భైంసా నుంచి మూడు బస్సులు మారి వచ్చాడు. మనవరాలిని చూసి మురిశాడు, కాసేపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, తర్వాత అసలు సంగతి ఎత్తాడు.

"తొలుసూరు కాన్పు తల్లిగారింట్ల కావాలె చెల్లె. మా ఇంట్ల ఆడదిక్కు లేకపాయె. తోల్కపోయి నా తమ్మునింట్ల ఉంచుత. మా మరదలు చూసుకుంటది."

"మీ తమ్మునింట్ల ఎనిమిది మంది, ఒక్క పొయ్యి" అన్నది అనసూర్యక్క. "గా గడబిడల పచ్చి బాలింతకు ఎవలు ఎసరు పెడ్తరన్నా? తల్లి లేకుంటె అత్త లేదా? పథ్యం నేను జేస్త. నువ్వు ఫికర్ చెయ్యకు."

పరశురాములు తువ్వాల భుజాన వేసుకున్నాడు.

"సరే చెల్లె. ఇరవై ఒకటో దినం మనవరాలిని తొట్లెల ఏసుడుకు వస్త. అప్పటికి పిల్ల తేరుకుంటె నీకాడనే ఉంచుత. తేరుకోకుంటె నా ఎంట తోల్కపోత. నొచ్చుకోవద్దు."

"నా చేతి వంట తిని తేరుకోకపోవుడా" అని అనసూర్యక్క నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వులో ఉన్న ధీమా చూస్తే నాకే కొంచెం భయమేసింది.

నాలుగో రోజు తల్లీబిడ్డలను ఇంటికి తెచ్చారు. ఇక పథ్యం మొదలు. పాత బియ్యం అన్నం, నెయ్యిలో కలిపిన ఎల్లిగడ్డ కారం, మిరియాల చారు, శొంఠిపొడి. మంచి రుచి. నాకూ ఒక గిన్నె వచ్చేది కాబట్టి సాక్ష్యం చెప్పగలను. పళ్లెం పెట్టి అనసూర్యక్క మంచం ముందు పీట వేసుకుని కూర్చునేది, పరీక్ష హాల్లో నేను కూర్చున్నట్టు. నవ్యశ్రీ నాలుగు బుక్కలు తిని, మిగతాది తర్వాత తింటానని పక్కన పెట్టేది. ఎట్లుందంటే మంచిగున్నదనేది. పళ్లెం మాత్రం ఖాళీ అయ్యే వచ్చేది.

తొమ్మిదో రోజు నర్సమ్మ ఇంటికొచ్చి చూసిపోయింది. పాప బరువు పెరగలేదు, తల్లి పాలిపోయింది, తిండి సరిగ్గా పెట్టండి అని చెప్పింది. పెట్టండి! ఆ మాట అనసూర్యక్కకు చెంపదెబ్బలా తగిలింది. ఆ సాయంత్రమే పెరట్లో కరివేపాకు చెట్టు వెనక కాగితంలో చుట్టిన అన్నం ముద్దలు బయటపడ్డాయి, చీమలు పట్టి. ఆమె ఆ కాగితం తెచ్చి నా గడపలో పెట్టింది.

"చూసినవా టీచరమ్మా. నేను వండింది చీమలకు పెట్టింది" అన్నది. కోపంతో అనబోయి ఏడ్చింది. ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

నేను వెళ్లి నవ్యశ్రీ దగ్గర కూర్చున్నాను. పిల్లలను బెదిరించి నిజం చెప్పించడం నాకు అలవాటే గాని, ఆ మొహం చూశాక గొంతు పెరగలేదు. ఏం తినాలనుంది బిడ్డా అని మూడుసార్లు అడిగితే చెప్పింది.

"మా దిక్కు బాలింతకు అన్నం పెట్టరు టీచరమ్మా. వేడి వేడి జొన్నరొట్టె, సోయకూర, అళీవ్ గింజల పాయసం పెడ్తరు. మా పిన్ని కాన్పప్పుడు మా అవ్వ బతికుండె, తనే చేసింది. ఇంట్ల అంతా గదే వాసన. ఇప్పుడు అన్నం చూస్తె నాకు కడుపుల తిప్పుతున్నది. అత్తమ్మకు చెప్పకుండ్రి. గింత కష్టపడుతున్నది, బాధపడ్తది."

చెప్పొద్దన్నది చెప్పకుండా ఉండే గుణం నాకు లేదు. అరగంటలో చెప్పేశాను.

"సోయకూరనా?" అన్నది అనసూర్యక్క. దారాల్లాంటి సన్నాకుల ఆ ఘాటు కూర పేరెత్తితేనే ఆమె ముక్కు ముడుచుకుంటుంది. ఆ వాసన ఉన్న ఇంట్లో నీళ్లు కూడా తాగదు. "గది మనుషులు తినే కూరనా? బాలింతకు గది పెడితె బిడ్డకు వాంతులైతయ్. నాకు తెల్వదా?" అని తలుపు వేసుకుంది.

తెల్లారి ఆరు గంటలకు మళ్లీ నా తలుపు చప్పుడైంది. చేతిలో సంచి.

"నడువు, మార్కెట్‌కు పోదం."

మా కూరగాయల మార్కెట్‌లో, ఆకుకూరల వరుస చివర నర్మదాబాయి గోనె పరుచుకుని కూర్చుంటుంది. ఆమెది ముధోల్ దగ్గర పల్లె. భర్తకు జమ్మికుంటలో పత్తి మిల్లు పని దొరికితే ఇరవై ఏళ్ల కింద ఇటొచ్చారు. ఆకుకూరలతో పాటు జొన్నపిండి, బెల్లం, ఎండుకొబ్బరి, ఇంకా నాకు పేర్లు తెలియని గింజలు చిన్న చిన్న సంచుల్లో పెడుతుంది. అటువైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లు ఆమె దగ్గరికే వస్తారు. అనసూర్యక్క కూడా పన్నెండేళ్లుగా ఆమె దగ్గరే కొత్తిమీర కొంటుంది. కొన్నప్పుడల్లా, నీ సోయకూర కట్టలు దూరం పెట్టు, నా కొత్తిమీరకు కంపు పడుతుందని ఆమెతో పోట్లాడుతుంది కూడా.

అలాంటి మనిషి ఆ రోజు గోనె ముందు నిలబడి, ఎటో చూస్తూ, "రెండు కట్టలు సోయకూర ఇయ్యి" అన్నది.

నర్మదాబాయి ఆమె మొహం చూసింది, నా మొహం చూసింది. "ఎవలికక్కా?" అన్నది.

"నా కోడలికి. బాలింత. మీ దిక్కు పిల్లనే."

నర్మదాబాయి ఇక ఆటపట్టించలేదు. కాన్పయి ఎన్ని దినాలైంది, పాలెట్లున్నయి, నిద్ర పోతున్నదా అని అడిగింది. రెండు కట్టలు తీసిపెట్టింది. అప్పుడే పట్టించిన జొన్నపిండి ఒక పొట్లం, నువ్వుల కంటే కొంచెం ఎర్రగా ఉన్న అళీవ్ గింజలు ఒక పిడికెడు, కొబ్బరి, బెల్లం కట్టి ఇచ్చింది. ఎట్లా వండాలో చెప్పబోతే అనసూర్యక్క చేయి అడ్డం పెట్టింది.

"వంట నాకు నేర్పుతవా? రొట్టె, కూర, పాయసం. గంతే గద."

గంతే గదా అనుకున్న ఆ పూట వంట ఎట్లా సాగిందో నేను కళ్లారా చూశాను. సోయకూర వాసన పోవాలని, కాకరకాయను పిండినట్టు ఉప్పేసి పిండి, ఆ పసరంతా పారబోసి, మిగిలిన పిప్పిని నూనెలో వేయించింది. అది గడ్డిలా కరకరలాడింది. అళీవ్ గింజలను నానబెట్టకుండా, బియ్యం పాయసానికి వేసినట్టు ఉన్నవన్నీ పాలల్లో వేసింది. కాసేపటికి గింజ గింజా జిగురు కట్టి ఉబ్బి, పాయసం గిన్నెలో నుంచి లేచి పొయ్యి మీదికి దిగింది. ఇక రొట్టె. కాలువ నీళ్లొచ్చి వరి పండిన దగ్గరి నుంచి ఆమె ఇంట్లో జొన్న ముట్టలేదు. ఉగాది ముందెప్పుడో లింగమూర్తి తెచ్చి వదిలేసిన జొన్నపిండి ప్యాకెట్ డబ్బా అడుగున ఉంటే, అది పాడైపోతుందని ముందు దాన్ని తీసి, చపాతీ పిండిలా చన్నీళ్లతో కలిపి, కర్రతో ఒత్తింది. పెనం మీదికి పోయేలోపే రొట్టె ఏడు ముక్కలైంది. నవ్యశ్రీ ఆ ముక్కలను చూసి, మంచిగున్నయి అత్తమ్మా అని రెండు నోట్లో వేసుకుని, నీళ్లు తాగి పడుకుంది.

మర్నాడు అనసూర్యక్క మార్కెట్‌లోకి అడుగుపెడుతూనే అందుకుంది. "నీ పిండి మంచిది కాదు. నీ గింజలు కల్తీవి."

నర్మదాబాయి కొత్తిమీర కట్టలు సర్దుతూనే ఒక్కో ప్రశ్న అడిగింది. పిండి ఎప్పటిది, నీళ్లు ఎట్లా పోశావు, గింజలు ఎంతసేపు నానబెట్టావు. లెక్క తప్పిన పిల్లవాడు బోర్డు ముందు నిలబడ్డట్టు నిలబడింది అనసూర్యక్క. ఉగాది ప్యాకెట్ సంగతి రాగానే నర్మదాబాయి నవ్వేసింది.

"జొన్నపిండి పాతబడితె జిగి పోతది అక్కా. దేవుడొచ్చి చేసినా రొట్టె ఇరుగుతది. నేనిచ్చింది దాచిపెట్టి గది చేసినవా? కూసో ఇట్ల."

పక్క చాయ్ బండి నుంచి మసిలే నీళ్లు ఒక గ్లాసుడు తెప్పించింది. తక్కెడ పళ్లెం ఒకటి విప్పి, తుడిచి, బోర్లించి, దాని మీద పిండి పోసింది. మసిలే నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ, చేతులు కాలుతున్నా ఆగకుండా అరచేతి కింది భాగంతో నూరినట్టు పిసికింది. ఉండ చేసి, పొడిపిండి చల్లి, అరచేత్తో తట్టడం మొదలుపెట్టింది. తడుతుంటే రొట్టె దానంతట అదే తిరిగింది. కొనేవాళ్లు నలుగురు నిలబడి చూస్తున్నారు, ఒకామె పాలకూర ఎంతని అడుగుతున్నది. "జర ఆగు బాయి, ఈడ పాఠం నడుస్తున్నది" అన్నది నర్మదాబాయి.

"పెనం మీద ఏసినంక పైన తడిచెయ్యి తిప్పాలె. నీళ్లు ఆరినంక మర్లెయ్యాలె. గప్పుడు పొంగుతది. సోయకూర పిండకు, పెసరపప్పుతోని ఉడకబెట్టు, ఎల్లిగడ్డ పోపు వెయ్యి. గింజలు ఒక్కటే చెంచా, పొద్దటి సంది కొబ్బరి నీళ్లల్ల నానాలె."

అనసూర్యక్క ఆ తక్కెడ పళ్లెం మీదే మూడు రొట్టెలు తట్టింది. మొదటిది చిరిగింది, రెండోది వంకర, మూడోది రొట్టెలాగే ఉంది. చేతులు కమిలిపోయాయి. ఇంటికి నడుస్తున్నంతసేపూ గాలిలో అరచేతులు తిప్పుతూనే ఉంది. దారిన పోయేవాళ్లు ఏమనుకున్నారో నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నం పెనం మీద రొట్టె పొంగింది. సోయకూర వాసన ఇల్లంతా నిండింది. అనసూర్యక్క ముక్కుకు కొంగు కట్టుకుని వండింది. నవ్యశ్రీ మంచం మీద లేచి కూర్చుంది. ఆశగా పళ్లెం అందుకుంది. ఒక రొట్టె సగం తిన్నది. తర్వాత పీట మీద కూర్చుని తననే చూస్తున్న అత్తను చూసింది, చెయ్యి నెమ్మదించింది, పళ్లెం పక్కన పెట్టేసింది. ఆ మర్నాడూ అంతే. పదమూడో రోజు తెల్లారింది. ఇక ఏం చేయాలో నాకూ తోచలేదు. ప్రార్థన చేసుకున్నాను.

అనసూర్యక్క మళ్లీ గోనె ముందు కూలబడింది. ఈసారి పోట్లాటకు ఓపిక లేదు.

"రొట్టె మంచిగనే వస్తున్నది నర్మదా. అయినా తింటలేదు. తొట్లెకు వాళ్ల బాపు వస్తడు, తోల్కపోతడు. గా ఇంట్ల పిల్ల ఇంకా సన్నగైతది."

"నువ్వెప్పుడు తింటవక్కా?" అని అడిగింది నర్మదాబాయి.

"ఆమె తిన్నంక."

"ఏం తింటవ్?"

"అన్నం, పచ్చిపులుసు. నాకు వేరేగ చేసుకుంట. గా సోయకూర నేను తింటనా?"

"గదే మరి. ఆమె కోసం ఒక వంట, నీ కోసం ఒక వంట. ముక్కుకు కొంగు కట్టుకుంటివి, ముందట కూసుండి బుక్కలు చూడబడ్తివి. తల్లి లేని పిల్ల. నా వల్ల ఈమెకు ఇంత పరేషాన్ అనుకుంటది గాని, బుక్క దిగుతదా? మా అవ్వ నా మూడు కాన్పులల్ల నా పళ్లెంలనే చెయ్యి పెట్టి తిన్నది. నేనెంత తిన్ననో ఆమె చూడలే, ఆమె ఎంత తిన్నదో నేను చూడలే."

అనసూర్యక్క గోనె మీది సోయకూర కట్టలకేసి చూసింది. లేచి, "ఇంకో రెండు కట్టలు ఎక్కువియ్యి" అన్నది.

ఆ రోజు పీట వేసుకోలేదు. మంచం పక్కన చాప వేసి, నవ్యశ్రీని కిందికి దింపి గోడకు ఆనించి కూర్చోబెట్టి, మధ్యలో ఒకే పళ్లెం పెట్టింది. పాప నా ఒళ్లో ఉంది. రొట్టె తుంచి, సోయకూర అద్దుకుని, కళ్లు గట్టిగా మూసుకుని నోట్లో పెట్టుకుంది అనసూర్యక్క. నమలకుండానే మింగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నీళ్ల చెంబు కోసం చెయ్యి తడుముకుంది.

నవ్యశ్రీ నవ్వింది. ముందు ఆపుకుందామని చూసింది, ఆగలేదు. "అత్తమ్మా, నమలాలె" అన్నది.

"నువ్వు నములు, నేను మింగుత" అన్నది అనసూర్యక్క, ఇంకో ముక్క తుంచుతూ. ఆ పూట ఇద్దరూ మూడు రొట్టెలు ఖాళీ చేశారు. ఎవరెంత తిన్నారో నేనైతే లెక్కపెట్టలేదు.

అప్పటి నుంచి రోజూ అదే పళ్లెం. నవ్యశ్రీ తింటోంది, పాప ఆకలికి ఏడ్చి నిండుగా తాగి పడుకుంటోంది. కాని ఎనిమిది రోజుల్లో ఎంతని తేరుకుంటుంది? మొహంలో కాంతి వచ్చింది గాని చేతులు ఇంకా పుల్లల్లాగే ఉన్నాయి. తండ్రి కంటికి ఏది ముందు కనిపిస్తుందో ఎవరు చెప్పగలరు.

తొట్లె నాడు పొద్దున్నే అనసూర్యక్క కోడలి సంచి తానే సర్దింది. పాప గుడ్డలు, నర్మదాబాయి ఇచ్చిన కొత్త పిండి, కొలిచి కట్టిన అళీవ్ గింజలు. ఎందుకంటే, "మాటంటె మాటే టీచరమ్మా. పిల్ల పోతనంటె అడ్డం పడను. గాడ రొట్టె ఎవలన్న చేసిపెడ్తరో లేదో" అన్నది. సంచి తలుపు పక్కన పెట్టి, దాన్ని చూడకుండా ఇంట్లో తిరిగింది.

పరశురాములు పదకొండింటికి వచ్చాడు. లింగమూర్తి, నాగరాజు సిరిసిల్ల నుంచి ఒకరోజు సెలవు పెట్టి వచ్చారు. నర్మదాబాయి మార్కెట్ మూసి, తలలో పూలు పెట్టుకుని వచ్చింది. తొట్లె కట్టి, వీధి ఆడవాళ్లు పాటలు పాడి వెళ్లాక, అందరూ భోజనాలకు కూర్చున్నారు. పరశురాములు కూతురి చేతులకేసి చూస్తున్నాడు. నేను అనుకున్నంతా అయ్యింది.

"ఇంకా సన్నగనే ఉన్నవు బిడ్డా" అన్నాడు. "పోదమా? పిన్ని రమ్మన్నది. నాలుగింటి బస్సుకు పోదం."

నవ్యశ్రీ తల వంచుకుంది. నాగరాజు చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. పొయ్యి దగ్గర అనసూర్యక్క వెనక్కి తిరగలేదు. పెనం మీది రొట్టె తీసి తెచ్చి కోడలి పళ్లెంలో వేసి, మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.

నవ్యశ్రీ ఆ రొట్టె తుంచింది. నోట్లో పెట్టుకుని, నమిలి, ఆగింది.

"అత్తమ్మా, నీళ్లు మసలకముందే పోసినవా? నడుమ పచ్చిగున్నది. అంచులు మందం. తొందరపడ్తె గిట్లనే అయితది. రేపు నేను పక్కన కూసుంట, నీళ్లు నేను చెప్పినప్పుడు పొయ్యి."

అనసూర్యక్క అట్లకాడ పట్టుకుని ఇటు తిరిగింది. ఆమె వంటకు వంక పెట్టడం ఈ వీధిలో మొదటిసారి, అదీ వియ్యంకుడి ముందు.

"ఇరవై దినాల సంది గీ నోరు ఏడ పెట్టుకున్నవే?" అన్నది. "తే ఇటు, మళ్ల కాలుస్త."

పరశురాములు తినడం ఆపేశాడు. "వాళ్లవ్వ పోయినంక నేనే వండి పెట్టిన" అన్నాడు, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "మాడినా తిన్నది, ఉప్పు లేకున్నా తిన్నది. పెండ్లయ్యేదాక నాలుగేండ్లల్ల ఒక్కనాడు నాకు గిట్ల చెప్పలే."

నాకు ఏడుపొచ్చింది. పాపను సముదాయించే వంకతో లేచి నిలబడ్డాను. నర్మదాబాయి కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, నీళ్లు బాగా మసలనియ్యి అక్కా అని పొయ్యి దగ్గరికి పోయింది.

పరశురాములు పళ్లెంలో మిగిలిన రొట్టె ముక్క తిని, చెయ్యి కడుక్కున్నాడు. తలుపు పక్కనున్న సంచి తీసుకున్నాడు. లోపలి గదిలోకి తీసుకుపోయి, కూతురి మంచం కింద పెట్టి వచ్చాడు. నాలుగింటి బస్సుకు ఒక్కడే పోయాడు.